4.10 పికప్‌కు 3.73 వేయాలా, 4.56 వేయాలా? క్రౌన్ పీనియన్ మార్చే ముందు చూడవలసిన లెక్క

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ముందుగా చెబుతాను. మీది వెనక చక్రాలతో నడిచే డీజిల్ పికప్. అయిదు గేర్లలో మొదటిది 4.00, నాలుగోది 1.00, టాప్ 0.80. వెనక ఆక్సిల్‌లో చక్రాలను తిప్పే పెద్ద గేరు క్రౌన్‌కు 41 పళ్లు, దాన్ని తిప్పే చిన్న గేరు పీనియన్‌కు 10 పళ్లు ఉన్నాయి కాబట్టి రేషియో 4.10, అంటే పీనియన్ 4.1 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. కంపెనీ ఇచ్చిన 215/75 ఆర్ 15 టైర్లు అరిగాక, బండి ఎత్తుగా ఉంటుందని 235/75 ఆర్ 15 వేయించారు. అప్పటినుంచి మైలేజీ లీటరుకు 14 కి.మీ. నుంచి 13.4కు పడిపోయిందనీ, లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టాప్ గేరులో బండి లాగడం లేదనీ మీ ఫిర్యాదు. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ 41/11 జత, అంటే 3.73 వేస్తే మైలేజీ వస్తుందన్నారు; మరొకరు 41/9 జత, అంటే 4.56 వేస్తే లాగుడు వస్తుందన్నారు. మిర్చి సరుకుతో గుంటూరు యార్డు నుంచి విజయవాడకూ, నరసరావుపేట వైపు పల్లెలకూ తరచుగా, హైదరాబాద్‌కు అప్పుడప్పుడు తిరిగే మీ బండికి ఈ రెండింటిలో ఏది మేలన్నది ప్రశ్న.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, ప్రస్తుతానికి రెండూ వద్దు. ఇద్దరు మెకానిక్‌లూ చెప్పినది విడివిడిగా చూస్తే తప్పు కాదు గాని, మీ బండిలో వచ్చిన మార్పు ఆక్సిల్‌లో రాలేదు, టైర్లలో వచ్చింది. దాన్ని వదిలిపెట్టి ఈ గేర్లుండే ఆక్సిల్ డబ్బా, అంటే హౌసింగ్ విప్పితే ఒక మార్పు మీద మరో మార్పు పేరుకుంటుంది, ఏది దేనివల్ల వచ్చిందో తరువాత ఎవరూ చెప్పలేరు.

మైలేజీ సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే అక్కడ మీరు అనుకుంటున్న నష్టం నిజానికి జరగలేదేమోనని నా అనుమానం. 215/75 ఆర్ 15 టైరు వ్యాసం లెక్క ప్రకారం 703.5 మి.మీ., 235/75 ఆర్ 15 వ్యాసం 733.5 మి.మీ. అంటే కొత్త టైరు ఒక్క చుట్టుకు పాతదానికంటే సుమారు 4.3 శాతం ఎక్కువ దూరం పోతుంది. మీ బండికి స్పీడోమీటర్ సంకేతం గేర్‌బాక్సు వెనక భాగం నుంచి వస్తుందని రాశారు. అక్కడి సెన్సర్ గేర్‌బాక్సు నుంచి వెనక ఆక్సిల్‌కు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ చుట్లనే లెక్కపెడుతుంది గాని, టైరు పెద్దదైన సంగతి దానికి తెలియదు. కాబట్టి బండి నిజంగా 104.3 కి.మీ. నడిస్తే మీటరు 100 అనే చూపిస్తుంది. 14ను 1.043తో భాగించి చూడండి, 13.4 వస్తుంది. మీకు తగ్గిందనిపించిన అంకె సరిగ్గా అదే. డీజిల్ ఖర్చు మారలేదు, కిలోమీటర్ల లెక్క మారింది. ట్యాంకు నిండా పోయించి, ఫోన్‌లో జీపీఎస్ దూరం పెట్టుకుని, మళ్లీ నిండా పోయించేవరకు నడిపి చూస్తే ఇది ఒకే హైదరాబాద్ ప్రయాణంలో తేలిపోతుంది.

ఇదే లెక్కను కాస్త ముందుకు తీసుకువెళ్తే ఆటోనగర్‌లో తరచు వినిపించే ఒక మాట గుట్టు కూడా బయటపడుతుంది. 4.56 వేయించుకున్నవారు కొందరు 'లాగుడుతోపాటు మైలేజీ కూడా పెరిగింది' అంటారు. గేర్‌బాక్సు నుంచి మీటరు నడిచే బండిలో 4.10 తీసి 4.56 వేస్తే ప్రతి కిలోమీటరుకూ ప్రొపెల్లర్ షాఫ్ట్ 11 శాతం ఎక్కువ తిరుగుతుంది, మీటరు అంత ఎక్కువ దూరం చూపిస్తుంది. నిజంగా లీటరుకు 13 ఇచ్చే బండి కూడా కాగితం మీద 14.4 ఇచ్చినట్టు కనిపిస్తుంది. 3.73 వేసినవారికి దీనికి తలకిందులుగా, నిజంగా కొంత ఆదా అయినా మీటరు లెక్కలో నష్టంగా కనిపించవచ్చు. రేషియో మారిన బండి మైలేజీని ఆ బండి మీటరుతో కొలిచి చెప్పే మాటను నేను పరిగణనలోకి తీసుకోను.

ఇక అసలు విషయం. వెనక ఆక్సిల్ రేషియో అన్ని గేర్లనూ ఒకే నిష్పత్తిలో మారుస్తుంది. మధ్య గేర్లలో దాని ప్రభావాన్ని డ్రైవరు ఒక గేరు ముందుగానో వెనుకగానో మార్చుకుని సర్దుకోగలడు. సర్దుకోవడానికి వీలు లేనిది రెండు చివరల్లోనే. మొదటి గేరు కంటే కింద ఇంకో గేరు లేదు, టాప్ కంటే పైన ఇంకో గేరు లేదు. కాబట్టి రేషియో ఎంచుకునేటప్పుడు వేయవలసిన ప్రశ్నలు రెండే: మీ బండి నిండు లోడుతో ఎక్కవలసిన అతి కష్టమైన చోట మొదటి గేరులో కదులుతుందా? మీరు ఎక్కువసేపు నడిపే వేగంలో టాప్ గేరులో ఇంజిన్ తనకు అనుకూలమైన చుట్ల మధ్య ఉంటుందా? మీ నాలుగో గేరుకూ టాప్‌కూ మధ్య తేడా 25 శాతం. 4.10 నుంచి 3.73కు దిగితే వచ్చే తేడా 9 శాతం మాత్రమే. గేర్ రాడ్డు ఒకసారి కదిపితే వచ్చే మార్పులో సగం కూడా లేని తేడా కోసం ఆక్సిల్ విప్పుతున్నామన్న సంగతి మనసులో ఉంచుకోవాలి.

టాప్ గేరు లెక్క చాలా తేలిక. గంటకు 60 కి.మీ. అంటే నిమిషానికి సరిగ్గా 1000 మీటర్లు. బరువుకు కొంచెం నొక్కుకున్న 215 టైరు ఒక చుట్టుకు సుమారు 2.15 మీటర్లు పోతుంది కాబట్టి నిమిషానికి 465 చుట్లు తిరుగుతుంది. దాన్ని 4.10తోనూ, 0.80తోనూ గుణిస్తే ఇంజిన్ చుట్లు 1525. వేగం 80 అయితే 2034. మీ పుస్తకంలో ఇంజిన్ గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 1400 నుంచి 2200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య వస్తుందని ఉన్నదన్నారు. అంటే కంపెనీవారు ఇచ్చిన టైరు, ఇచ్చిన రేషియో కలిసి 60 నుంచి 80 దాకా మొత్తం వేగాన్ని ఆ మధ్యలోనే చక్కగా కూర్చోబెట్టాయి. ఇది కాకతాళీయం కాదు, డిజైన్ చేసినవారు కావాలని చేసిన పని.

ఇప్పుడున్న 235 టైర్లతో అదే 4.10 దగ్గర 60 వేగంలో చుట్లు 1464కు తగ్గాయి, ఇంకా పరవాలేదు. వాటి మీద 3.73 కూడా వేస్తే 1332 అవుతుంది, 1400 కిందికి జారిపోతుంది. గుంటూరు, మంగళగిరి, విజయవాడ మధ్య ట్రాఫిక్‌లో లోడు బండి నడిచేది 50, 60 వేగంలోనే. ఆ వేగంలో టాప్ గేరు ఇంజిన్‌కు భారమైతే మీరు నాలుగో గేరులోనే నడుపుతారు, అప్పుడు 60 వేగంలో చుట్లు 1660 దాటుతాయి. ఇప్పుడు టాప్‌లో నడిపేదానికంటే అది ఎక్కువ. ఆదా కోసం వేసిన జత మీ దారిలో ఎక్కువ భాగం దుబారా చేయిస్తుంది. బలవంతంగా టాప్‌లోనే ఉంచితే బండి వణుకుతుంది, క్లచ్ మీదా, ఇంజిన్ మౌంటింగుల మీదా, బేరింగుల మీదా అనవసరమైన దెబ్బ పడుతుంది.

ఫ్లైఓవర్ సంగతికి వస్తాను. మైదాన ప్రాంతంలో రోడ్డు మెరకకు మన దేశంలో పాటించే సాధారణ పరిమితి 30 మీటర్లకు ఒక మీటరు, అంటే 3.3 శాతం. మీరు ఎక్కే మెరక 3 శాతం అనుకుందాం, కాటా మీద బండి మొత్తం 3 టన్నులు తూగిందన్నారు కాబట్టి మెరక మీద వెనక్కి లాగే బలం 90 కిలోలు. గాలికీ, టైర్ల రాపిడికీ 60 వేగంలో మరో 82 కిలోలు పోతాయని అంచనా వేసుకుంటే మొత్తం 172 కిలోలు కావాలి. ఇంజిన్ 180 న్యూటన్ మీటర్లు ఇస్తుందనీ, దారిలో పదో వంతు వృథా అవుతుందనీ లెక్కవేస్తే, పాత టైర్లతో 4.10 టాప్ గేరులో చక్రం దగ్గరకు వచ్చే బలం 158 కిలోలు. పెద్ద టైర్లతో 152. రెండూ చాలవు! అంటే మీ బండి పాత టైర్లతో ఉన్నప్పుడు కూడా ఆ మెరకను టాప్‌లో వేగం తగ్గకుండా ఎక్కి ఉండదు, పరుగు మీద వచ్చిన ఊపుతో శిఖరం దాటి ఉంటుంది. ఇప్పుడు ఆ ఊపు కొంచెం ముందుగా అయిపోతున్నది. నాలుగో గేరులో అయితే పెద్ద టైర్లతోనే 190 కిలోలు వస్తాయి, హాయిగా ఎక్కుతుంది.

4.56 వేస్తే? పాత టైర్లతో టాప్‌లో 176 కిలోలు వస్తుంది, అంటే 172 అవసరాన్ని బొటాబొటిగా దాటుతుంది. పెద్ద టైర్లు ఉంచుకునే 4.56 వేస్తే 169, మళ్లీ చాలదు. అంత ఖర్చూ పెట్టి, హౌసింగ్ విప్పి, అదే ఫ్లైఓవర్ మీద అదే చోట గేరు దించవలసి వస్తుంది. విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ మీదైనా, బెంజి సర్కిల్ దగ్గరైనా లోడుతో నాలుగో గేరు వేయడం బండి లోపం కాదు, గేర్లు పెట్టింది అందుకే.

మొదటి గేరు విషయంలో మన ప్రాంతంలో చింత తక్కువ. బండి కదిలేటప్పుడు ఇంజిన్ 150 న్యూటన్ మీటర్లే ఇస్తుందనుకున్నా పెద్ద టైర్లతో, 4.10తో చక్రం దగ్గర 630 కిలోల పైచిలుకు బలం వస్తుంది, 3 టన్నుల బండికి అది ఇంచుమించు 20 శాతం మెరక. గోదాము ర్యాంపులైనా, కాల్వ కట్ట ఎక్కే దారులైనా దీనికి లోబడే ఉంటాయి. మీరు తిరిగే చోట కొండ అని చెప్పదగినది నరసరావుపేట దగ్గర కోటప్పకొండ ఘాట్ రోడ్డు, దానికి కూడా ఇది సరిపోతుంది. వర్షాకాలంలో నల్లరేగడి దారుల్లో బండి దిగబడుతున్నదని, అందుకు 4.56 పనికొస్తుందేమోనని చివర్లో అడిగారు. పనికిరాదు. వెనక చక్రాల మీద 2 టన్నుల బరువు ఉండి, తడి రేగడి మీద పట్టు ఆ బరువులో 0.3 వంతు మాత్రమే అయితే నేల పుచ్చుకోగలిగిన బలం 600 కిలోలు, మీ బండి ఇప్పటికే అంతకంటే ఎక్కువ ఇస్తున్నది. అక్కడ కొరవడేది బలం కాదు, పట్టు. టైరు నమూనా, రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకింగ్ డిఫరెన్షియల్ వంటివి అక్కడ ఉపయోగపడతాయి గాని రేషియో కాదు. ఇంకా పెంచితే చక్రం మరింత తేలికగా గింజుకుని, మరింత లోతుగా దిగుతుంది.

ఇలా అన్నానని 3.73, 4.56 ఎవరికీ పనికిరావని కాదు. రాత్రిళ్లు తేలికైన సరుకుతో విజయవాడ నుంచి నందిగామ, కోదాడ, సూర్యాపేట మీదుగా హైదరాబాద్‌కు 80 వేగంలో ఆగకుండా పోయివచ్చే బండికి, అదీ కంపెనీ సైజు టైర్లతో ఉంటే, 3.73 అర్థవంతమైన ఎంపిక. ఆ వేగంలో చుట్లు 2034 నుంచి 1850కి తగ్గుతాయి, శబ్దం తగ్గుతుంది, కొంత డీజిల్ మిగులుతుంది. పిడుగురాళ్ల సున్నపురాయి, ఇటుకలు, ఇసుక వంటి బరువులతో పది పన్నెండు కిలోమీటర్ల లోపే తిరుగుతూ, టాప్ గేరు ముఖమే చూడని బండికి 4.56 మేలు. క్లచ్ ఎక్కువ కాలం వస్తుంది, అది చిన్న లాభం కాదు.

మిర్చి ఈ రెండు కోవల్లోనూ చేరదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, బరువుకంటే ముందు ఎత్తు అవుతాయి. క్యాబిన్ పైకి కట్టిన లోడుకు గాలి తగిలే వెడల్పు పెరుగుతుంది, గాలి నిరోధం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి 60 నుంచి 80కి పోతే అది దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఎత్తు లోడుతో హైవే మీద 3.73 వేసిన బండి టాప్‌లో నిలవలేక మాటిమాటికీ నాలుగుకు దిగడానికి కారణం ఇదే. మీ సరుకు మిర్చి అయినంతకాలం 65, 70 వేగంలో నడపడమే 3.73 ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ డీజిల్ మిగులుస్తుందని నా నమ్మకం. పైగా లోడు గాలికి కొట్టుకోకుండా పట్టా బిగించి కట్టడానికి ఖర్చేమీ లేదు.

ఇంతకీ మీరు 235 టైర్లనే ఉంచుకోదలిస్తే, అందుకు తగిన రేషియో ఇద్దరు మెకానిక్‌లూ చెప్పని మూడోది. 4.10ని 1.043తో గుణిస్తే 4.28. దానికి దగ్గరగా ఉన్నది 43/10 జత, అంటే 4.30. మీ హౌసింగ్ రకానికి ఆ జత దొరికితే బండి నడక ఇంచుమించు కంపెనీ ఇచ్చినట్టే అవుతుంది, మీటరు కూడా దానంతట అదే సరిపడుతుంది. దొరకకపోతే ఇప్పుడున్న టైర్లు అరిగేదాకా 4.10తోనే నడిపి, తరువాత 215కు తిరిగి రండి. ఆర్‌సీలోనూ, కంపెనీ పుస్తకంలోనూ ఉన్న సైజుకు తిరిగిరావడం వల్ల రవాణా శాఖ (బ్రేకు) కార్యాలయంలో ఫిట్‌నెస్ దగ్గరా, ఇన్సూరెన్సు దగ్గరా ప్రశ్నలు తలెత్తవు.

మరో మాట. రేషియో పెంచితే ఇంకో అర టన్ను ఎక్కించుకోవచ్చని మీ డ్రైవరు అన్నాడన్నారు. ఆక్సిల్ గొట్టం, కమాన్లు, బేరింగులు, బ్రేకులు, టైర్లు మోయగలిగే బరువు పీనియన్ పళ్లు మార్చినంత మాత్రాన పెరగదు. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువే హద్దు. పైగా ఒకే కొలత క్రౌన్‌లో రేషియో పెరిగేకొద్దీ పీనియన్ చిన్నదవుతుంది. 9 పళ్ల పీనియన్ 11 పళ్లదానికంటే సన్నం, ఒకేసారి కలిసే పళ్ల భాగం కూడా తక్కువ. అధిక లోడుకు పళ్లు విరిగేది ఎక్కువగా అలాంటి జతల్లోనే.

వేగ పరిమితి కూడా చూసుకోండి. 80 దగ్గర ఆపే స్పీడ్ గవర్నర్ గేర్‌బాక్సు సంకేతంతో పనిచేసే బండిలో కంపెనీ టైర్లతో 3.73 వేస్తే అది అసలు వేగం 88 దగ్గర ఆపుతుంది, 4.56 వేస్తే 72 దగ్గరే ఆపేస్తుంది. మొదటిది చట్టం దృష్టిలో తప్పు, రెండోది హైవే మీద మీకే విసుగు. ఏబీఎస్ చక్రాల సెన్సర్ నుంచి వేగం తీసుకునే కొత్త బండ్లలో రేషియో మార్పు మీటరును కదపదు గాని, టైరు సైజు మార్పు కదుపుతుంది. నాలుగు చక్రాలూ తిరిగే పికప్ ఉన్నవారెవరైనా ఇది చదువుతుంటే, ముందు ఆక్సిల్‌కు కూడా అదే రేషియో వేయకుండా వెనకది మాత్రం మార్చవద్దు. గట్టి రోడ్డు మీద నాలుగు చక్రాలు కలిపిన క్షణంలో ముందు, వెనక ఆక్సిళ్లకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడే ఒత్తిడి చాలా ఖరీదైనది.

ఇవన్నీ విని కూడా మార్చాలనే నిర్ణయించుకుంటే, పనిలో పట్టింపు ఉండవలసిన చోట్లు చెబుతాను. క్రౌన్, పీనియన్ ఎప్పుడూ జతగానే కొనాలి. రెండింటినీ తయారీలో కలిపి రాపిడి చేసి జత కలుపుతారు, చాలా జతల మీద ఒకే జత సంఖ్య చెక్కి ఉంటుంది. ఒక బండి క్రౌన్, ఇంకో బండి పీనియన్ కలిపితే పళ్ల సంఖ్య సరిపోయినా శబ్దం పోదు. సెకండ్ హ్యాండ్ జత తీసుకుంటే పళ్లను కిరోసిన్‌తో కడిగించి, వెలుతురులో తిప్పి చూడండి. పంటి వంపు మీద గుంటలు, నీలి మచ్చలు, ఒకవైపే మెరుపు ఉంటే వదిలేయండి. కొన్ని ఆక్సిళ్లలో రేషియో ఒక హద్దు దాటితే క్రౌన్ బిగించే డిఫరెన్షియల్ కేసు కూడా మారుతుంది, కాబట్టి మీ హౌసింగ్ మీది ట్యాగ్ నంబరు చూపించకుండా బేరం చేయవద్దు.

బిగింపులో పీనియన్ లోతు షిమ్ములతో, అంటే సన్నని రేకు వాషర్లతో, సరిచేయాలి. పాత షిమ్ములే కొత్త పీనియన్‌కు సరిపోతాయని అనుకునేవారి దగ్గర పని ఇవ్వకండి. పీనియన్ బేరింగులు, ఆయిల్ సీలు, నలిగే స్పేసరు, పీనియన్ నట్టు కొత్తవే వేయాలి. క్రౌన్‌కూ పీనియన్‌కూ పళ్ల మధ్య ఉండే ఆటను (సందును) డయల్ గేజ్‌తో కొలవాలి, చేత్తో కదిపి 'సరిపోయింది' అనడం కొలత కాదు. ఈ తరగతి ఆక్సిళ్లలో అది సాధారణంగా మి.మీ.లో పదో వంతు నుంచి ఐదో వంతు మధ్య ఉంటుంది, ఖచ్చితమైన అంకె మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్నదే తీసుకోవాలి. చివరగా పళ్లకు రంగు పూసి తిప్పి, ముద్ర పంటి మధ్యలో పడుతున్నదో లేదో మీరు దగ్గరుండి చూడండి. ముద్ర పంటి మొన మీదకో, మొదలులోకో పోతే పీనియన్ లోతు తప్పిందని అర్థం. అప్పుడే మళ్లీ విప్పించండి, మూత బిగించాక ఎవరూ విప్పరు.

నూనె విషయంలో బేరం వద్దు. ఈ పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాదు, జారుతూ తిరుగుతాయి, అందువల్ల జీఎల్-5 తరగతి గేర్ ఆయిల్ తప్పనిసరి. 80డబ్ల్యూ-90 అయినా, 85డబ్ల్యూ-140 అయినా పుస్తకంలో చెప్పినదే పోయించండి. కొత్త జతకు మొదటి 500 కి.మీ. సగం లోడు మించకుండా, ఒకే వేగంలో గంటల తరబడి లాగకుండా నడపాలి. మొదటి రోజు పదిహేను, ఇరవై కిలోమీటర్ల తరువాత ఆపి హౌసింగ్ ముట్టుకుని చూడండి; వేడెక్కడం సహజమే, చెయ్యి ఆనించలేనంతగా కాలితే బేరింగులు ఎక్కువ బిగిశాయని అర్థం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే ఈల వస్తున్నదా, వదిలినప్పుడు మాత్రమే వస్తున్నదా గమనించి మెకానిక్‌కు విడిగా చెప్పండి, పంటి ఏ ముఖం మీద ముద్ర తప్పిందో అతనికి అందులోనే తెలుస్తుంది. 500 దాటగానే నూనె మార్పించి, తీసిన నూనెలో సన్నని లోహపు పొడి తప్ప తునకలేమీ లేవని చూసుకున్న తరువాతే నిండు లోడు ఎక్కించండి.